నోరు మెదపని పిల్లలు: భారత ప్రధాన న్యాయమూర్తి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రధాన న్యాయమూర్తి గారికి,



మీ కోర్టు తప్పులు చేస్తుందని రాయబోతున్నాను కాబట్టి ముందే ఒక జాగ్రత్త తీసుకుంటున్నాను. విచారణ ముగిసి తీర్పు వచ్చేసిన కేసు మీద సబబైన విమర్శ చేస్తే అది ధిక్కారం కిందికి రాదని 1971 నాటి కోర్టు ధిక్కార చట్టంలోని 5వ సెక్షన్ చెబుతోంది. ఆ సెక్షన్ నీడన కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను వకీలును కాను. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనవాణ్ణి. సుప్రీంకోర్టు పాఠం వచ్చినప్పుడల్లా, దాని తీర్పు మీద ఇక అప్పీలు లేదని పిల్లల చేత నోట్సు రాయించేవాణ్ణి. ఎప్పుడో ఒకసారి ఒక తుంటరి లేచి, "మరి వాళ్లు తప్పు చెబితే సార్?" అని అడిగేవాడు. సిలబస్‌లో దానికి జవాబు లేదు.

జవాబు మీ వృత్తిలోనే ఒకాయన చెప్పాడు. అమెరికా సుప్రీంకోర్టు జడ్జి రాబర్ట్ జాక్సన్ 1953లో ఒక కేసులో, మేం తప్పు చేయనివాళ్లం కాబట్టి ఆఖరి మాట మాది కాలేదనీ, ఆఖరి మాట మాది కావడం వల్లే తప్పు చేయనివాళ్లుగా చెల్లుతున్నామనీ రాశాడు. ఆయనకు ఆ మాట అనే హక్కుంది. అంతకు పదేళ్ల ముందు సొంత కోర్టు తప్పును దిద్దిన తీర్పు ఆయన చేతి రాతే. మతానికీ ప్రభుత్వానికీ మధ్య తగవులో కోర్టు ఎలా దారి తప్పుతుందో, ఎలా వెనక్కి రాగలదో ఆ కేసు చెప్పినంత విడమరిచి ఇంకోటి చెప్పదు. మీకు కొత్తేమీ కాదు. ఈ ఉత్తరం చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నాను.

పెన్సిల్వేనియాలో మైనర్స్‌విల్ అని ఒక బొగ్గుగనుల ఊరు. అక్కడ కిరాణా కొట్టు నడుపుకునే గొబిటాస్ కుటుంబం యెహోవా సాక్షులు. జెండాకు వందనం చేయడమంటే దేవుడికి చెందాల్సిన మొక్కును ఒక ప్రతిమకు చెల్లించడమేనని వాళ్ల నమ్మకం. 1935 చివర్లో పన్నెండేళ్ల లిలియన్, పదేళ్ల విలియం బడిలో జెండా వందనం మానేశారు. విలియం స్కూలు బోర్డుకు తన చేత్తోనే ఉత్తరం రాశాడు. దేశం మీద ప్రేమ లేక కాదు, దేవుడి మీద అంతకన్నా ఎక్కువ ప్రేమ ఉంది కాబట్టి చేయలేనని దాని సారాంశం. ఆ పిల్లరాతలో ఉన్న కాగితం ఇప్పుడు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రంగా ఉంది. బోర్డు మాత్రం అక్కాతమ్ముళ్లిద్దరినీ బడి నుంచి పంపేసింది. ఊళ్లో చాలామంది వాళ్ల కొట్టులో సరుకులు కొనడం మానేశారు.

ఆ రోజుల్లో వందనం ఎలా చేసేవారో కూడా చెప్పాలి. కుడిచేతిని జెండా వైపు బారుగా చాచి నిలబడాలి. హిట్లర్‌కు జర్మన్లు చేసే వందనానికీ దీనికీ తేడా పట్టుకోవడం కష్టం. యుద్ధంలోకి దిగాక అమెరికన్ కాంగ్రెస్‌కే ఎబ్బెట్టుగా తోచి, 1942 డిసెంబరులో చేతిని గుండె మీదికి మార్చింది.

కింది కోర్టు పిల్లల పక్షాన తీర్పు చెప్పింది. అప్పీలు కోర్టు ఔనంది. సుప్రీంకోర్టు 1940 జూన్ 3న ఆ రెండింటినీ కొట్టేసింది. ఎనిమిదిమంది బోర్డు పక్షం, ఒక్కడు పిల్లల పక్షం. తీర్పు రాసిన ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్ దుర్మార్గుడు కాదు, మూర్ఖుడు అసలే కాదు. వియన్నాలో పుట్టి, పన్నెండేళ్ల వయసులో అమెరికా వలస వచ్చిన యూదుడు. ఆ దేశపు పౌరహక్కుల యూనియన్ పుట్టుకలో చేయి ఉన్నవాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే డంకర్క్ రేవు నుంచి బ్రిటిష్ సైన్యం దొరికిన పడవల్లా ఎక్కి బయటపడుతోంది, ఫ్రాన్స్ కూలిపోతోంది. దేశం ఒక్కతాటి మీద ఉంటేనే దేశానికి రక్షణ అని ఆయనకు తోచింది. పిల్లల్లో దేశభక్తి ఎలా పెంచాలో స్కూలు బోర్డులకు తెలుస్తుంది గానీ కోర్టుకేం తెలుస్తుంది అన్నాడు. వినడానికి వినయంగానే ఉంది. కోర్టులు చేసే పెద్ద తప్పుల్లో కొన్ని ఇలా వినయం వేషంలోనే వస్తాయి. కాదన్న ఆ ఒక్కడు హార్లన్ స్టోన్.

ఇంకో చిన్న సంగతి. ఆ కేసు కాగితాల్లో పిల్లల ఇంటిపేరు తప్పు పడింది. గొబిటాస్ కాస్తా గొబిటిస్ అయింది, లా పుస్తకాల్లో ఇప్పటికీ అదే. తర్వాత వచ్చిన కేసులోనూ బార్నెట్ అనే పేరు చివర ఒక అక్షరం అదనంగా తగిలించారు. గుమాస్తాల పొరపాట్లే, కాదనను.

తీర్పు వచ్చిన నెలలోనే మెయిన్ రాష్ట్రం కెన్నెబంక్‌లో యెహోవా సాక్షుల మందిరం తగలబెట్టారు. వెస్ట్ వర్జీనియాలోని రిచ్‌వుడ్‌లో కొందరిని తాళ్లతో కట్టి, బలవంతంగా ఆముదం తాగించి, ఊరి వీధుల్లో నడిపించారు. ముందుండి చేయించినవాడు శాంతిభద్రతలు చూడాల్సిన డిప్యూటీ షెరీఫ్. ఆ జనంలో తీర్పు చదివినవాళ్లు ఎవరుంటారు? వాళ్లు దేశద్రోహులని సుప్రీంకోర్టే చెప్పిందట అన్న మాట చెవిన పడింది, చాలు. ఫ్రాంక్‌ఫర్టర్ అలా అనలేదు. కానీ తీర్పులోని మినహాయింపులూ కామాలూ వీధి దాకా ప్రయాణం చేయవు. గెలిచిందెవరు, ఓడిందెవరు అన్నంత వరకే చేరుతుంది.

ఇక దిద్దుకోలు. 1942 జూన్‌లో అదే మతస్థులది ఇంకో కేసు వచ్చింది, అలబామాలోని ఒపెలికా ఊళ్లో కరపత్రాలు అమ్మడానికి లైసెన్సు రుసుము గురించి. జెండాతో దానికి సంబంధం లేదు. అయినా 1940లో ఎనిమిదిమందిలో ఉన్న బ్లాక్, డగ్లస్, మర్ఫీ తమ భిన్నాభిప్రాయానికి ఒక పేరా జోడించారు. జెండా కేసులో మేం మెజారిటీతో కలిశాం, ఆ తీర్పు తప్పని ఇప్పుడు నమ్ముతున్నాం అని. ఎవరూ అడగలేదు. రివ్యూ పిటిషన్ లేదు. ఆ పేరా చూసి వెస్ట్ వర్జీనియాలోని ముగ్గురు జడ్జీల ఫెడరల్ కోర్టు, సుప్రీంకోర్టు తీర్పు ఇంకా చెల్లుబాటులో ఉండగానే, దాన్ని పాటించనని చెప్పి, అలాగే వందనం మానిన బార్నెట్ అక్కచెల్లెళ్ల వైపు నిలబడింది. 1943 జూన్ 14న, అది అక్కడ జెండా దినం, సుప్రీంకోర్టు ఆరు మూడు తేడాతో పాత తీర్పును రద్దు చేసింది. మనసు మార్చుకున్నవాళ్లు ముగ్గురు, కొత్తగా వచ్చినవాళ్లు జాక్సన్, రట్లెడ్జ్ ఇద్దరు, మొదటి నుంచీ కాదన్న స్టోన్ ఒకరు. స్టోన్ అప్పటికి ప్రధాన న్యాయమూర్తి. మధ్యలో గడిచింది మూడేళ్లు. ఆ మూడేళ్లలో అమెరికా రాజ్యాంగంలో ఒక్క అక్షరమూ మారలేదు. యుద్ధమైతే ఇంకా ముదిరింది కూడా.

ఇప్పుడు మన బడికి వస్తాను. మా స్కూల్లో పొద్దున్న ప్రార్థన అంటే ఒక తంతు. సావధాన్, విశ్రామ్, ప్రార్థన గీతం, చేయి చాచి ప్రతిజ్ఞ, వార్తలు, సూక్తి, చివర జనగణమన. ప్రతిజ్ఞ రాసినవాడు మన తెలుగువాడే, నల్లగొండ జిల్లా పైడిమర్రి వెంకట సుబ్బారావు. 1962లో చైనా యుద్ధం రోజుల్లో విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ రాశాడు. ఆయన పేరు చాలాకాలం పాఠ్యపుస్తకాల వాళ్లకే తెలియదు. జనగణమనకు టాగోర్ ఇంగ్లిషు పాఠం సిద్ధం చేసింది 1919లో మదనపల్లెలో. ఈ రెండూ మా జిల్లాల్లో గర్వంగా చెప్పుకునే సంగతులు. నేనూ చెప్పుకున్నాను. అయితే అయిదారు వందలమంది పిల్లలు ఎండలో బారులు తీరి పాడుతుంటే ఎవరు పాడుతున్నారో ఎవరు పెదాలు కదుపుతున్నారో ఏ మేష్టారికీ తెలియదు. పనిగట్టుకుని చూస్తే తప్ప కనిపించదు.

1985 జూలైలో కేరళలోని కొట్టాయం జిల్లా కిడంగూరులో ఒకాయన పనిగట్టుకుని చూశాడు. ఆయన శాసనసభ్యుడు. పదో తరగతి బిజో, తొమ్మిదో తరగతి బిను, అయిదో తరగతి బిందు, ముగ్గురు తోబుట్టువులు, వీళ్లూ యెహోవా సాక్షులే, జాతీయగీతం వేళ లేచి నిటారుగా నిలబడుతున్నారు గానీ పాడడం లేదు. అన్నేళ్లుగా అంతే, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. విషయం శాసనసభకెక్కింది. విచారణకు కమిషన్ వేశారు. పిల్లలు బుద్ధిమంతులని, గీతాన్ని ఏమాత్రం అగౌరవపరచలేదని కమిషనే చెప్పింది. అయినా పై అధికారి చెప్పాడని ప్రధానోపాధ్యాయిని జూలై 26న ముగ్గురినీ బడి నుంచి తీసేసింది.

తండ్రి హైకోర్టుకెక్కాడు. హైకోర్టు ఏం చేసిందో చూడండి. జనగణమనలో ఒక్కొక్క మాటా విడదీసి చదివి, ఇందులో ఏ మతవిశ్వాసాన్నీ నొప్పించే మాట ఒక్కటీ లేదని తేల్చింది. కాబట్టి పిల్లల అభ్యంతరం చెల్లదంది. తెలుగు పంతులు ప్రతిపదార్థం చెప్పినట్టుగా శ్రద్ధగానే చేశారు. కానీ ఆ పిల్లలు గీతంలో ఫలానా మాట బాగాలేదని అనలేదే! తమ దేవుడి ముందు తప్ప ఇంకెక్కడా ఇలా పాడలేమన్నారు. అడిగినది ఒకటి, జవాబు మరొకటి.

1986 ఆగస్టు 11న మీ కోర్టులో దాన్ని సరిచేసినది జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి, పక్కన జస్టిస్ ఎం.ఎం. దత్. చిన్నప్పరెడ్డి గారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో చేసి 1978లో సుప్రీంకోర్టుకు వెళ్లినవారు, మా ప్రాంతపు మనిషి. ఆయన పెట్టుకున్న కొలబద్ద తేలిక. ఆ నమ్మకం మన బుద్ధికి నచ్చుతుందా లేదా అని చూడనక్కర్లేదు, వాళ్లు దాన్ని నిజంగా, మనస్ఫూర్తిగా నమ్ముతున్నారా అని చూస్తే చాలు. నిలబడి గౌరవించారు, పాడమని ఏ చట్టమూ నిర్బంధించలేదు, మాట్లాడే హక్కులో మౌనంగా ఉండే హక్కూ ఉంది. గొబిటిస్, బార్నెట్ కేసులు రెండూ తీర్పులో తిరగేశారు. అమెరికా మూడేళ్లు నలిగి నేర్చుకున్నదాన్ని మనకు నలగకుండానే అందించారు. పిల్లల్ని తిరిగి బడిలో చేర్చుకోమన్నారు.

అక్కడితో అయిపోవాలి. అవలేదు కాబట్టే ఈ ఉత్తరం.

2016 నవంబరు 30న మీ కోర్టు ఒక మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. దేశంలోని ప్రతి సినిమా హాల్లో ఆట మొదలయ్యే ముందు జాతీయగీతం వేయాలి, తలుపులు మూసేయాలి, అందరూ లేచి నిలబడాలి. ఆ కొద్ది పేజీల్లో కిడంగూరు తీర్పు ఊసే లేదు. పార్లమెంటు చేయని చట్టాన్ని ఇద్దరు న్యాయమూర్తులు చేశారు. పది రోజులు తిరక్కుండానే వికలాంగుల కోసం సవరణ కావలసి వచ్చింది. చక్రాల కుర్చీలో ఉన్నవాడు ఎలా లేస్తాడని ముందు ఎవరికీ తట్టలేదన్నమాట. డిసెంబరులో తిరువనంతపురం ఫిల్మ్ ఫెస్టివల్‌లో లేచి నిలబడలేదని కొందరిని పోలీసులు పట్టుకెళ్లారు. దీనికి పాత చరిత్ర కూడా ఉంది. 2003లో మధ్యప్రదేశ్ హైకోర్టు, 'కభీ ఖుషీ కభీ గమ్' సినిమాలో జాతీయగీతం వాడిన తీరు మీద ఇలాంటి ఉత్తర్వే ఇచ్చింది, 2004లో సుప్రీంకోర్టు దాన్ని పక్కన పెట్టింది. రెండింట్లోనూ పిటిషనర్ ఒకరే, ఉత్తర్వు రాసిన న్యాయమూర్తీ జస్టిస్ దీపక్ మిశ్రానే. 2018 జనవరి 9న, ఆయన ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న ధర్మాసనమే హాళ్లలో గీతం వేయడం తప్పనిసరి కాదని మార్చింది. మార్చినందుకు సంతోషం. కానీ ఆ మార్పుకు కారణంగా చెప్పినది కేంద్రం ఒక కమిటీ వేసిందని, అది చూసుకుంటుందని. మా మొదటి ఉత్తర్వు తప్పు అన్న వాక్యం కోసం వెతికాను, దొరకలేదు.

బ్లాక్, డగ్లస్, మర్ఫీ పేరాకీ దీనికీ ఉన్న తేడా మర్యాదకు సంబంధించింది కాదు. తప్పు అని పేరుపెట్టి చెప్పకపోతే ఆ తప్పు వేరే గుమ్మంలోంచి మళ్లీ వస్తుంది. మత విషయాల్లో మీ కోర్టు అలా తిప్పితిప్పి తెచ్చుకుంటున్న తప్పు ఒకటుంది. అదే 'అత్యావశ్యక మతాచారం' అన్న పరీక్ష.

దాని పుట్టుక మంచిదే. 1954లో శిరూరు మఠం కేసులో, ఏది మతంలో ముఖ్యమో ఆ మతం చెప్పుకునే సిద్ధాంతాన్ని బట్టే చూడాలని జస్టిస్ బి.కె. ముఖర్జియా రాశారు. ప్రభుత్వాన్ని కాస్త దూరంగా ఉంచడానికి పెట్టిన కంచె అది. 1961లో అజ్మీర్ దర్గా కేసుకు వచ్చేసరికి, మతంలో మూఢనమ్మకంగా వచ్చి చేరినదేదో, అసలుదేదో కోర్టే జల్లెడ పడుతుందని జస్టిస్ గజేంద్రగడ్కర్ అన్నారు. అప్పటి నుంచి న్యాయమూర్తి ఆసనం కొంచెం కొంచెంగా పీఠంగా మారింది.

ఆ పరీక్ష ఎంత దూరం పోగలదో ఆనందమార్గ్ కేసులు చూపిస్తాయి. కపాలం, కత్తి, త్రిశూలం పట్టుకుని వీధిలో తాండవం చేస్తామని వాళ్లు. వద్దని కలకత్తా పోలీసులు. మీ సంస్థ పుట్టింది 1955లో, తాండవం చేర్చింది 1966లో, అది లేకుండానే పదకొండేళ్లు బతికారు కాబట్టి అది అత్యావశ్యకం కాదని 1983లో సుప్రీంకోర్టు తేల్చింది. సరే, అని వాళ్ల గురువు తమ గ్రంథంలో అది అత్యావశ్యకమేనని చేర్చాడు. కలకత్తా హైకోర్టు ఒప్పుకుంది. 2004లో సుప్రీంకోర్టు ఇద్దరొకవైపు ఒకరొకవైపుగా మళ్లీ కొట్టేసింది. అత్యావశ్యకమైనది మొదటి నుంచీ ఉండాలట, మధ్యలో చేర్చుకుంటే కుదరదట. ఈ లెక్కన ఏ మతమైనా తన పుట్టినరోజున ఆగిపోవాలి. కత్తులతో ఊరేగింపు ప్రమాదమైతే ఆ మాటే చెప్పి ఆపొచ్చు. 25వ అధికరణం మొదటి వాక్యంలోనే శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం అన్న మూడు కారణాలు ఉన్నాయి. వాటిని వదిలి ఒక గురువుతో శాస్త్రచర్చకు దిగాల్సిన పనేముంది?

మా తిరుమల కేసూ చెప్పాలి. 1987లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన దేవాదాయ చట్టం మిరాశీలను, వంశపారంపర్య అర్చకత్వాన్ని రద్దు చేసింది. నారాయణ దీక్షితులు కేసులో 1996 మార్చి 19న సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అర్చకుణ్ణి నియమించడం లౌకికమైన పని, అర్చన చేయడం మతం అన్నది దాని గీత. ఆ గీత వరకు నాకు పెద్ద పేచీ లేదు. కానీ దాన్ని గీయడానికి ధర్మం వేరు, మతం వేరు అంటూ పేజీల మీద పేజీలు ఉపన్యాసం ఎందుకో అర్థం కాదు. తీర్పు తేల్చేసిందనుకున్న ఆ విషయాన్నే మన శాసనసభ 2007లో మళ్లీ ముట్టుకుని, వంశపారంపర్య అర్చకులకు కొంత వెసులుబాటు ఇచ్చింది. ఆ పని చట్టసభ చేసింది కాబట్టి రేపు ఇంకో చట్టసభ మార్చుకోవచ్చు. రాజ్యాంగ వ్యాఖ్యానం పేరుతో జరిగిన ధర్మవ్యాఖ్యానాన్ని మార్చాలంటే మాత్రం ఇంకా పెద్ద ధర్మాసనం కావాలి.

అన్నింటికన్నా నన్ను బాధపెట్టేది బోహ్రాల కేసు. దావూదీ బోహ్రా సమాజంలో మతగురువు ఎవరినైనా వెలివేస్తే ఆ మనిషికి మసీదు లేదు, చుట్టాల పెళ్లి లేదు, చివరికి శ్మశానంలో చోటు లేదు. బొంబాయి రాష్ట్రం 1949లో వెలివేతను నిషేధిస్తూ చట్టం చేసింది. 1962లో సుప్రీంకోర్టు నాలుగు ఒకటి తేడాతో ఆ చట్టాన్ని కొట్టేసింది. మత క్రమశిక్షణ నిలబెట్టడానికి వెలివేత అవసరమని, అది మత వ్యవహారమని. ప్రధాన న్యాయమూర్తి బి.పి. సిన్హా ఒక్కరే, వెలివేత మనిషిని అంటరానివాణ్ణి చేస్తోంది కదా అన్నారు. మెజారిటీ మతాన్ని చూసింది, సిన్హా వెలిపడ్డవాణ్ణి చూశారు. ఆ తీర్పును మళ్లీ పరిశీలించాలని అడిగిన కేసు, 2023 ఫిబ్రవరిలో అయిదుగురి ధర్మాసనం నుంచి తొమ్మిదిమంది వైపు మళ్లింది. 1962 నుంచి 2023. గొబిటాస్ పిల్లలు మూడేళ్లు ఆగారు. ఇక్కడ వెలిపడ్డవాళ్లలో ఒక తరం తీర్పు కోసం చూస్తూనే పోయింది.

శబరిమలలో స్త్రీల ప్రవేశం సంగతి దాటేస్తే పిరికితనం అవుతుంది. 2018 సెప్టెంబరు 28న నాలుగు ఒకటితో వచ్చిన తీర్పు, 2019 నవంబరులో మూడు రెండుతో తొమ్మిదిమంది వైపు పోయింది, 2020 ఫిబ్రవరిలో ఏడు ప్రశ్నలు తయారయ్యాయి. మతాచారంలో తర్కం ఉందా అని వెతకడం కోర్టు పని కాదని జస్టిస్ ఇందూ మల్హోత్రా 2018 తీర్పులోనే అన్నారు. ఆ ఒక్క వాక్యం వరకు ఆమెతో ఏకీభవిస్తాను, కానీ మెట్ల దగ్గర ఆపేసిన స్త్రీ కూడా కిడంగూరు పిల్లల్లాగే నమ్మకం ఉన్న మనిషి. ఇద్దరు భక్తులు ఎదురెదురుగా నిలబడినప్పుడు నా కొలబద్దా తడబడుతుంది. తడబడిన సంగతి రాతలో కనబడాలంటాను. నాలుగు వందల పేజీల ధీమా కన్నా అది మేలు.

హిజాబ్ కేసులో ఆ తడబాటు బయటికే వచ్చింది. 2022 మార్చి 15న కర్ణాటక హైకోర్టు, ఖురాను, వ్యాఖ్యానాలు చూసి హిజాబ్ అత్యావశ్యకం కాదంది. అక్టోబరు 13న మీ కోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో దారి పట్టారు. ఔనన్నది జస్టిస్ హేమంత్ గుప్తా. జస్టిస్ సుధాంశు ధూలియా మాత్రం, అసలు ఆ గ్రంథాల దారిలోకి వెళ్లడమే పొరపాటని, బడికి పోయే ఆడపిల్లకు దారి సుగమం చేస్తున్నామా అడ్డు పెడుతున్నామా అని చూడాలని, కిడంగూరు తీర్పునే ఆసరా చేసుకున్నారు. ఏ మాట సరైనదో మీరే తేల్చాలి. నా వరకు, మూడు దశాబ్దాలు దాటాక చిన్నప్పరెడ్డి గారి పేజీలు మళ్లీ తెరిచినందుకు ధూలియా గారికి ఋణపడి ఉన్నాను.

ఒక ఆక్షేపణ నాకు తెలుసు. కోర్టు మతం లోపలికి చూడకపోతే సంస్కరణ ఎలా? దళితులకు గుడి తలుపులు తెరిచింది ఎవరు? తెరిచినది రాజ్యాంగమే. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది, 25(2)(బి) అన్ని తరగతుల హిందువులకూ గుళ్లు తెరిచే చట్టాలకు వీలిచ్చింది. 1957లో వెంకటరమణ దేవరు కేసులో కోర్టు, ఆలయ ప్రవేశాన్ని నియంత్రించడం మతవిషయమేనని ఒప్పుకుంటూనే, ఆ అధికరణం దానికంటే పైన ఉందని తలుపు తెరిపించింది. మతం ఇది కాదు అని ఎవరికీ పాఠం చెప్పలేదు. మతమే కావచ్చు, అయినా మనిషిని బయట నిలబెట్టడం ఈ దేశంలో కుదరదు అంది. ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది. బోహ్రా కేసుకు ఆ కళ్లజోడే పెట్టి ఉంటే 1962లోనే తేలిపోయేది.

ఇంకో మాట కూడా ఎదురొస్తుంది. కోర్టు పొరపడుతుందని చెబుతూ పోతే రేపు ఎవరికి నచ్చని తీర్పును వాళ్లు ధిక్కరించరా? రిచ్‌వుడ్‌లో ఆముదం తాగించినవాళ్లు తీర్పును ధిక్కరించినవాళ్లు కారు, దాన్ని వేదవాక్కుగా తీసుకున్నవాళ్లు. గొబిటాస్ కుటుంబమేమో బోర్డు పంపేసిన పిల్లల్ని తమ మతస్థుల బడిలో చదివించుకుంది. ఓడిపోయాకా రాయి విసరలేదు. తీర్పును పాటిస్తూనే అది తప్పని చెప్పడం ఎలాగో వాళ్లను చూసి నేర్చుకోవచ్చు. మీ వైపు నుంచి కావలసింది, అలా చెప్పేవాడికి దారి మూసేయకపోవడం.

కాబట్టి అడిగేవి పెద్దవి కావు. మనస్సాక్షికి తగిలే మధ్యంతర ఉత్తర్వు ఇచ్చినప్పుడు దాన్ని మళ్లీ ఎప్పుడు చూస్తారో తేదీ కూడా అందులోనే వేయండి. 2016 నాటి సినిమా హాలు ఉత్తర్వుకు అలాంటి తేదీ ఉంటే పదమూడు నెలలు పట్టేది కాదు. తొమ్మిదిమంది ధర్మాసనం గ్రంథాల జోలికి పోకుండా, ఎదుట నిలబడిన మనిషికి ప్రభుత్వమో మఠమో ఏం చేస్తోందన్న దగ్గర మొదలుపెట్టమనండి. పాత తీర్పును పక్కన పెట్టాల్సి వస్తే, దాన్ని 'విశిష్ట సందర్భంలో ఇచ్చినది' అని సాగనంపకుండా తప్పు అని రాయమనండి. ఆ పేరాలు మిగతా భాషలతోపాటు తెలుగులోనూ మీ వెబ్‌సైట్‌లో పెట్టించండి, మా పిల్లలు చదువుకుంటారు.

చిన్నప్పరెడ్డి గారు 1987లో పదవీ విరమణ చేశారు. కోర్టు ఎక్కడ శిఖరాలెక్కిందో, ఎక్కడ లోతు లేకుండా ఆగిపోయిందో చెబుతూ ఆయన పుస్తకం వచ్చేసరికి 2008. ఎమర్జెన్సీ నాటి జబల్‌పూర్ కేసులో తాను కలిసిన తీర్పు తప్పని జస్టిస్ పి.ఎన్. భగవతి పైకి చెప్పేసరికి 2011. బ్లాక్, డగ్లస్, మర్ఫీ రెండేళ్లకే, ఆసనం మీద కూర్చుని ఉండగానే, సంబంధం లేని కేసులో వీలు చూసుకుని ఆ పేరా రాసేశారు. మీ సహచరుల్లో ఎవరికైనా అలాంటి పేరా ఒకటి మనసులో ఉంటే, దయచేసి రిటైర్మెంట్ దాకా దాచుకోవద్దని చెప్పండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచరు